కుబేరుడి స్థానంలో ఎండ

"బట్టలు ఆరేయడం కూడా రాదా నీకు?" అన్నాడు భార్గవ్ గురువారం పొద్దున, తడి సాక్సు నా ముందు ఊపుతూ. దేశం వదిలి ఇంత దూరం వచ్చి, ఇక్కడ రిక్కార్టన్‌లో ఈ ఇల్లు కొన్న దగ్గర్నుంచీ ప్రతి చలికాలం ఇదే పాట. ఉద్యోగం ఇద్దరిదీ, బట్టలు మాత్రం నావి. ఆరకపోతే తప్పూ నాదే. బట్టల తీగ దక్షిణం వైపు కట్టించింది తనే. మా అత్తగారు వైజాగ్ నుంచి వీడియో కాల్‌లో చెప్పి మరీ కట్టించారు. "చలికాలం ఎండ దక్షిణం నుంచే కదరా! ఉత్తరం కుబేరుడి స్థానం. అక్కడ తడిబట్టలు వేలాడేస్తే ఇంట్లో లక్ష్మి నిలవదు." ఇక్కడ ఎండంతా ఉత్తరం వైపే పడుతోంది అని నేనంటే, "సూర్యుడి సంగతి కూడా నీకే తెలుసా?" అని నవ్వేశాడు భార్గవ్. విని విని, నిజంగానే నాకు చేతకాదేమో అనిపించడం మొదలైంది. అదీ నా బాధ.

ఆ రోజే మా అమ్మాయి శ్రావ్య క్లాసు పిల్లలకి తోడుగా ఆర్ట్ గ్యాలరీకి వెళ్ళాను. పేరెంట్స్‌లో ఎవరో ఒకరు రావాలంటే మా ఇంట్లో ఆ ఒకరు నేనే. ఒకప్పుడు ఉత్తర యూరప్ నుంచి ఓడల్లో వచ్చి ఇక్కడి కొండల్నీ సరస్సుల్నీ గీసుకుపోయిన చిత్రకారుల బొమ్మలవి. ఎంత బాగున్నాయో! ఒక మంచుకొండ ముందు ఆగిపోయాను. కొండ నిండా మధ్యాహ్నపు ఎండ. బొమ్మల గురించి చెప్పే పెద్దావిడ, జోన్, పిల్లలతో అంది: "ఈయనది నార్వే. ఇక్కడ పెన్సిల్‌తో గీసుకుని, ఇంటికెళ్ళాక రంగులేశాడు. మనం చూస్తున్నది కొండకి దక్షిణపు వైపు. అక్కడ మధ్యాహ్నం ఎండే పడదు. భూమధ్యరేఖకి కిందున్నాం కాబట్టి మన సూర్యుడు ఉత్తరాన ఉంటాడు, పైనున్న వాళ్ళకి దక్షిణాన. అలవాటు కొద్దీ తన ఊరి సూర్యుణ్ణి తెచ్చి ఇక్కడ పెట్టేశాడు."

నాకు నవ్వాగలేదు. "మమ్మీ, స్టాప్ ఇట్!" అని శ్రావ్య చెయ్యి లాగుతోంది. "ఏమైందమ్మా?" అంది జోన్.

"మా ఇంట్లోనూ ఇలాంటి ఆర్టిస్టు ఒకడున్నాడు" అని తీగ కథంతా చెప్పాను. ఆవిడ కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది. నాకు రాకపోవడం కాదు, అసలు అక్కడ ఎండే లేదు! ఎంత హాయిగా ఉందో చెప్పలేను. ఆ నార్వే ఆయన మీద మాత్రం కోపం రాలేదు. ఆయన పొరపాటుకి నేను మాటలు పడలేదు కదా.

శనివారం మెషీన్ ఆగగానే తడిబట్టల బుట్ట తెచ్చి భార్గవ్ చేతిలో పెట్టాను. ఫోన్‌లో బొమ్మ చూపించి సంగతి చెప్పాను. కిటికీలోంచి ఉత్తరం వైపున్న సూర్యుడి వంక చూశాడు.

"అయితే తీగ అటు మార్చాలా? అమ్మ ఏమంటుందో!"

"అది నువ్వూ అత్తయ్యగారూ తేల్చుకోండి. ఇకనుంచి ఆరేసేది నువ్వే."

"మరి నువ్వు?"

కాఫీ కప్పు పట్టుకుని, కుర్చీ ఉత్తరం వైపు చెక్క డెక్ మీదికి లాక్కెళ్ళి, కుబేరుడి స్థానంలో కాళ్ళు బారజాపుకుని కూర్చున్నాను.