ఆషాఢం బుధవారాలు

మోకాళ్ళ మీద కూర్చుని ఒక్కో టైలునీ చెంచా వెనకవైపుతో కొట్టి వినాలి. గట్టిగా ఉన్న టైలు టిక్ అంటుంది. కింద సిమెంటు సరిగ్గా పట్టని టైలు ఖాళీ కుండలాగా డుబ్ అంటుంది. డుబ్ అన్నచోట నీలం టేపు ముక్క అంటించాలి. ఈ పని నాకు అప్పగించింది అభిరామే. "నువ్వు చేసేది టెస్టింగే కదా కీర్తీ, తప్పులు పట్టడం నీకొచ్చినట్టు ఇంకెవరికొస్తుంది?" అన్నాడు. ఆరేళ్ళ కాపురంలో నాకు బాగా అర్థమైంది ఒక్కటే. మా ఆయన ఏ పనికైనా నన్ను పొగిడాడంటే ఆ పని ఇక నాదే.

సింగపూర్ పాసిర్ రిస్‌లో మేం కొన్న కొత్త కాండో ఫ్లాట్, పదకొండో అంతస్తు, మూడు గదులు. జూన్ చివర్లో తాళాలిచ్చారు. ఇచ్చిన రోజునుంచి ఏడాదిపాటు ఏ లోపం చూపించినా కట్టినవాళ్ళే వచ్చి ఊరికే బాగుచేసి పెడతారు. అదీ మా వారంటీ. సరిగ్గా అప్పుడే ఆషాఢం వచ్చింది. "శూన్యమాసంలో ఎవరైనా పాలు పొంగిస్తారా? శ్రావణం రానీండి" అని మా అత్తయ్య తారాదేవిగారు తేల్చేశారు. "సూపర్ అమ్మా, ఈలోగా రిపేర్లన్నీ అయిపోతాయి" అన్నాడు అభిరామ్. వాటంతటవే అయిపోతాయన్నట్టు! పనివాళ్ళు వచ్చేది బుధవారాలే, అదీ తొమ్మిదికీ ఐదుకీ మధ్య ఎప్పుడైనా రావచ్చు, ఇంటివాళ్ళు ఒకరు అక్కడ ఉండి తీరాలి. "నువ్వు ఉంటావు కదా" అన్నాడు. అడగలేదు, అన్నాడంతే. వన్-నార్త్‌లో మా ఆఫీసు టీమ్‌కి సాఫ్ట్‌వేర్ రిలీజ్ దగ్గరపడిందని చెప్పాను. "నాకు బ్యాంకులో ఊపిరాడట్లేదని తెలుసుగా. మీ మేనేజర్ మంచావిడే కదా, ఇస్తుందిలే సెలవు" అన్నాడు. పోయినేడాది మిగిల్చుకున్న సెలవులు మా పాప శ్రీజ జ్వరాలకి అయిపోయాయి. ఈ ఏడాదివి టైల్స్‌కి.

మొదటి బుధవారం దారంతా తిట్టుకుంటూనే వెళ్ళాను. తలుపు తీశాను. ఆ తర్వాత ఏం జరిగిందో చెప్పడం కష్టం, ఎందుకంటే ఏమీ జరగలేదు. ఇల్లు ఖాళీగా ఉంది. సోఫా లేదు, కాబట్టి దాని మీద మడతపెట్టాల్సిన బట్టల్లేవు. ఫ్రిజ్ లేదు, కాబట్టి రేపటికి ఏం వండాలన్న ఆలోచన లేదు. కాసేపు ఊరికే నిలబడి, చెప్పులు విడిచి, బ్యాగ్ తలకింద పెట్టుకుని నేలమీద పడుకున్నాను. టైల్స్ చల్లదనం వీపులోకి మెల్లగా ఎక్కింది. కిటికీలోంచి సన్నటి సముద్రం, చీరకి వెండి అంచులాగా. దానిమీదుగా విమానాలు ఒకదాని వెనక ఒకటి చాంగీ వైపు దిగుతున్నాయి, ఒక్కదాని చప్పుడూ నాదాకా రావట్లేదు. కిందెక్కడో కోయిల కూసింది. ఎండ ఈ గోడ మీంచి ఆ గోడ మీదకి నడిచి వెళ్తుంటే నేను కళ్ళతోనే దాని వెంట నడిచాను. ఒలికిన నీళ్ళలా నేను ఆ గదంతా పరుచుకుంటున్నట్టు అనిపించింది, ఎవరూ గుడ్డ తెచ్చి తుడవరు. ఎంతసేపటికో గుర్తొచ్చింది, ఇక్కడికొచ్చినప్పట్నుంచీ ఎవరూ నన్ను పిలవలేదని. కీర్తీ, అమ్మాయ్, మమ్మీ, ఈ మూడు పిలుపుల మధ్య అసలు నేను ఎక్కడ ఉంటానో చూడ్డానికి ఇన్నేళ్ళలో నాకు టైమే దొరకలేదు. కొత్త కోడళ్ళకి ఆషాఢంలో అత్తగారి గడప తొక్కకుండా పుట్టింట్లో ఉండే వీలుంటుంది కదా. నా పెళ్ళైన ఏడాది వీసా వచ్చిందని నేరుగా సింగపూర్ వచ్చేశాం, ఆ నెల నాకు దక్కనే లేదు. ఇదిగో, ఇప్పుడొచ్చింది నా ఆషాఢం, ఆరేళ్ళు ఆలస్యంగా! నవ్వొచ్చింది. గట్టిగానే నవ్వాను. ఖాళీ ఇల్లు ఆ నవ్వుని మళ్ళీ నాకే వినిపించింది, బాగుంది, నా నవ్వు ఇలా ఉంటుందా అనుకున్నాను.

పనివాడు పదకొండున్నరకి వచ్చాడు. పేరు తిరుమలేష్, నలభై దాటుంటాయి, టెక్కలి దగ్గర ఊరు. నేను తెలుగని తెలియగానే ముఖం వెలిగింది. "మావోళ్ళే! సెప్పండి మేడమ్, ఏటేటి సెయ్యాలో" అన్నాడు. ఇరవై రెండు టేపులు చూపించాను. మనిషి మహా పనిమంతుడు. నాకు కావలసినదానికంటే కూడా ఎక్కువ పనిమంతుడు. మూడో బుధవారానికి రెండే టేపులు మిగిలాయి. బాత్రూమ్‌లో నీళ్ళు మూలకి పోకుండా తలుపు వైపు వస్తున్నాయి, అదొకటి, ఒక కిటికీ గొళ్ళెం ఒకటి. అవీ అయిపోతే? శ్రావణం వస్తుంది, పాలు పొంగుతాయి, సోఫా వస్తుంది. గదుల పంపకం ఎప్పుడో అయిపోయింది. ఒకటి మాది, ఒకటి అత్తయ్యది, ఒకటి శ్రీజది. మా అయిదేళ్ళ శ్రీజే అడిగింది అన్నం తింటూ, "మమ్మీ, వేర్ ఈజ్ యువర్ రూమ్ ఆ?" అని. నేను జవాబు చెప్పేలోపే దానికి దారి దొరికింది. "హాకర్ సెంటర్‌లో టేబుల్ మీద పెడతాం కదా, అలా టిష్యూ ప్యాకెట్ పెట్టి నీ ప్లేస్ చోప్ చెయ్ లా!" అందరూ నవ్వారు. "వంటగది మొత్తం మీ మమ్మీదే కదే" అన్నారు అత్తయ్య. నిజంగా ఇస్తున్నట్టే అన్నారు పాపం.

ఆ మూడో బుధవారం తిరుమలేష్ వెళ్ళాక నేనొక పని చేశాను. టేపు చుట్ట తీసి, ఏ లోపమూ లేని అయిదు చోట్ల అంటించాను. హాల్లో గోడకి రెండు, చిన్నగదిలో రెండు, బాల్కనీలో ఒకటి. ఆఫీసులో ఎవరైనా లేని తప్పు రిపోర్ట్ చేస్తే దులిపేసేదాన్ని నేనే. అయినా రైల్లో కూర్చున్నాక ఎంత హాయిగా ఉందో, వచ్చే బుధవారం నా సంచీలో పడినట్టు!

నాలుగో బుధవారం తిరుమలేష్ గోడని తడిమాడు, వేళ్ళతో కొట్టాడు, చెవి పెట్టి విన్నాడు.

"ఏటి డిఫెక్టు మేడమ్ ఇక్కడ? నాకేటీ కనబడ్డం లేదు."

"తేమ ఉన్నట్టు అనిపించింది."

"అనిపించింది అని రాసీమంటారా?"

అతను మిగతా నాలుగూ చూసి వచ్చాడు. నేలమీద నా దుపట్టా పరిచి ఉండటమూ, పక్కన సగం తాగిన టీ ఫ్లాస్కూ చూశాడు. స్క్రూడ్రైవర్ తుడుచుకుంటూ, నా వైపు చూడకుండా అన్నాడు.

"మా ఇంటిది కూడా మజ్జాన్నం పూట సేలో కలుపుందని పోతాది మేడమ్. కలుపేటీ ఉండదు. మా అమ్మే సెప్పింది, సెట్టుకింద కూకొని వొచ్చేత్తాదట. నేను ఫోన్ సేసినా ఆ టయానికి ఎత్తదు."

"మీరేమీ అనరా?"

"ఏటంతాను? కలుపు ఎక్కువుందా అని అడుగుతాను. సానా ఉంది అంతాది." నవ్వాడు. "ఇవి పెండింగ్ రాసీస్తాను. వొచ్చీ బుధవారం సూద్దాం."

అతను గొళ్ళెం బిగించడానికి వెళ్ళాడు. నాకు ముఖం తెలియని ఆ మనిషి, టెక్కలి దగ్గర ఎండలో చేతిలో కొడవలితో, లేని కలుపు తీయడానికి గబగబా నడిచి వెళ్తూ కనిపించింది. ఎంత దూరంలో ఉన్నాం, ఎంత ఒకేలా ఉన్నాం! చేలో కలుపుందని ఆమె, గోడలో తేమ ఉందని నేను. ఎక్కడో ఏదో చెడిపోయిందని చూపిస్తే తప్ప ఒక గంట మాకు రాదా? బాగున్న గోడ మీద నింద వేసి మరీ తెచ్చుకోవాలా? ఆ అబద్ధం గోడమీద కాదు, నామీదే అంటించుకున్నట్టు అనిపించి ఒళ్ళు మండింది. వెళ్ళి అయిదు టేపులూ చర్రున పీకేశాను.

"ఇవేవీ లోపాలు కావు. బాత్రూమ్ వాలు ఒక్కటే ఉంచండి" అన్నాను. "మీ కాగితం మీద నా ఫోన్ నంబర్ కొట్టేసి ఇంకో నంబర్ రాయాలి."

శనివారం పొద్దున ఇడ్లీల దగ్గర అభిరామ్ రంగురంగుల బ్రోషర్ నా ముందుకు తోశాడు. ఏడాది దాటాక ఏసీ, హీటర్, పైపులు అన్నీ మేమే చూసుకుంటాం అనే ప్రైవేటు కంపెనీది, మూడేళ్ళ ప్లాన్. దాన్ని చదివి తేల్చే పని కూడా పదిరోజుల కిందటే నాకు వచ్చింది, పొగడ్తతో సహా.

"ఏమంటావ్? ఇల్లు కొన్నవాళ్ళకి ఇవి తీసుకోవడం లాభమేనా?"

"మనకి వద్దు అభీ. ఊరికే చేసే వారంటీ ఇంకా పదకొండు నెలలుంది, ముందు దాన్ని వాడుకుందాం. ఇందులో అరుగుదలకి వర్తించదట, ముందునుంచీ ఉన్న లోపానికి వర్తించదట. పనివాడు వచ్చేసరికి ఇంట్లో మనిషి లేకపోతే అసలు దేనికీ వర్తించదట. ఏ వారంటీ అయినా ఒక మనిషి ఇంట్లో కూర్చుంటేనే నడుస్తుంది. ఆ మనిషి రోజుల గురించి మాత్రం ఒక్క కాగితంలోనూ లేదు."

"దానికేముంది, నువ్వు ఉంటావు కదా."

"ఉండను. వచ్చే బుధవారం బాత్రూమ్ వాలు సరిచేయడానికి వస్తారు. పనివాళ్ళ కాగితం మీద నీ ఫోన్ నంబర్ రాయించాను."

ఇడ్లీ ముక్క చేతిలోనే ఉండిపోయింది అతనికి. "నన్ను అడక్కుండానా?"

"నువ్వూ నన్ను అడగలేదుగా."

అత్తయ్య పచ్చడి గిన్నె కింద పెట్టారు. "వాడెందుకే అమ్మాయ్? బుధవారం నువ్వెలాగూ సెలవు పెట్టానన్నావుగా."

"పెట్టాను అత్తయ్యా. ఆ రోజు నాకు సెలవే. కానీ నేను ఆ ఇంట్లో ఉండను, ఈ ఇంట్లోనూ ఉండను."

"మరి ఎక్కడుంటావు?" అన్నాడు అభిరామ్. మొదటిసారి అతని మాట చివర నిజంగా ప్రశ్న వినిపించింది.

"తెలీదు" అన్నాను. "ఆ రోజు లేచాక చూసుకుంటాను."