పనిముట్ల పెట్టె

మా అమ్మాయి రెబ్కా మొదటి కాన్పుకి మా ఇంటికి వచ్చినప్పుడు, ఉయ్యాల నా చేత్తోనే చేస్తానని వియ్యపురాలు పున్నమ్మగారి ముందు నోరు జారాను. ఎనభై మూడులో మాట. అప్పుడు నేను మిషన్ స్కూల్లో లెక్కలు చెబుతూ, ఉన్న కాస్త చేలో పత్తి వేసేవాణ్ణి. వడ్రంగం నాకు రాదు. ఆ సంగతి నాకు తప్ప ఊరందరికీ తెలుసు.

వేప పలకలు తెప్పించాను. గొడ్ల సావిడి పక్కనున్న వసారాకి వర్కుషాపు అని పేరు పెట్టాను. మా ఆవిడ ఎలీసమ్మ మాత్రం దాన్ని రెండో సావిడి అనేది.

"పలకలొచ్చాయిగా, ఇంక మొదలుపెట్టండి" అంది.

"పనిముట్లకి ఒక చోటంటూ లేకుండా పనెలా మొదలవుద్దే? ముందు పెట్టె కావాలి."

తన ట్రంకుపెట్టె ఇమ్మని అడిగితే, చీరలు మీ నెత్తిన పెట్టుకోనా అంది. ఒంగోలు వెళ్ళి కొట్లన్నీ తిరిగాను. ఒక పెట్టెకి అరల్లేవు, ఇంకోదాంట్లో రంపం పట్టదు. చివరికి నేనే చేసుకున్నాను. దేంతో అంటారా? ఉయ్యాల కోసం తెచ్చిన పలకలతోనే.

గొప్పలు కాదుగానీ పెట్టె బాగా కుదిరింది. ఎత్తడానికి రెండు వైపులా ఇనప కడియాలు, లోపల అరలు, ఎక్కడ ఏది పెట్టాలో తెలియడానికి ఎర్రరంగుతో పనిముట్ల బొమ్మలు. తుప్పు పట్టకుండా అరల్లో మా చేలో పత్తి ఒత్తుగా పరిచాను. పెళ్ళినాడు అల్లుడికి కూడా అంత మెత్తటి పక్క వెయ్యలేదు.

తర్వాత సర్దడం పట్టుకున్నాను. సుత్తి కుడివైపు ఉండాలా, ఎడమవైపా? ఉలి పక్కన ఆకురాయి ఉండొచ్చా? ఈ మీమాంసలోనే రెబ్కాకి నెలలు నిండాయి, ఆడపిల్ల పుట్టింది. ముసురు పట్టి వసారా కారుతున్నా, పెట్టెకి మూతుందిగా అని ధీమాగా ఉన్నాను.

ఉయ్యాల వేడుక రేపనగా కొత్త పలకలు దింపుకుని, దర్జాగా పెట్టె తెరిచాను. పత్తి చెమ్మంతా పీల్చి పనిముట్లకి పట్టించింది. రంపం పళ్ళు తుప్పు, చిత్రిక తుప్పు, ఉలి తుప్పు. ఏటా నా పత్తికి చెమ్మ ఉందన్న బేరగాడితో గొంతు చించుకునేది నేనే! వడ్రంగి బాపయ్య కోసం పరిగెత్తితే, పెళ్ళికని పిడుగురాళ్ళ వెళ్ళాడన్నారు.

"రేపు పున్నమ్మగారికి నా మొహం ఎలా చూపించనే?" అని కూలబడ్డాను. నిజంగా ఏడుపొచ్చినంత పనైంది.

ఎలీసమ్మ తిట్టలేదు. నాకు ఇంకా భయమేసింది. పనిముట్లన్నీ ఖాళీ మిరపకాయల గోతంలో గుమ్మరించింది. తుప్పు స్క్రూడ్రైవరుతో నా చేతే మూత ఊడదీయించింది, అరలు పీకించింది. పెట్టె కడిగి పొయ్యి దగ్గర ఆరబెట్టి, పాత చీర మడతలు పరిచింది. కడియాలకి తాళ్ళు కట్టించి నడింట్లో దూలానికి వేలాడదీయించింది.

మర్నాడు పాస్టరుగారు ప్రార్థన చేశాక పిల్లని అందులో పడుకోబెట్టారు. పున్నమ్మగారు అంచులు తడిమి చూశారు.

"ఈ ఎర్రబొమ్మలేంటి వదినగారూ?"

"పిల్ల చూసి ఆడుకుంటుందనండీ" అంది ఎలీసమ్మ తడుముకోకుండా.

"అన్నయ్యగారూ, ఇదంతా మీరే చేశారా?"

ఇది ఉయ్యాల కాదండీ అని చెప్పబోయాను. ఎలీసమ్మే అందుకుంది.

"ఆయనేనండీ. ఒక్క మేకు కూడా ఇంకొకళ్ళు కొట్టలేదు."

అందులో అబద్ధం లేదు. ఆ మాట నాకూ అప్పుడే తట్టింది. మనవరాలు సుత్తిబొమ్మ పక్కన తల పెట్టుకుని హాయిగా నిద్రపోతోంది.

నా కళ్ళు మండి నీళ్ళు కారాయి. "ఆ మిరపకాయల గోతం ఎవరే ఇక్కడ పెట్టింది?" అని కేకలేశాను.

గోతం వసారాలోనే ఉందని ఎలీసమ్మ అనలేదు.