రెండు గిన్నెల ఆవిరి

ఆవిరి లేస్తోంది.

రెండు గిన్నెల్లోంచి రెండు ఆవిర్లు. పక్కపక్కనే లేచి, కొంచెం వంగి, బల్లకు జానెడు పైన ఒకదానిలో ఒకటి కలిసిపోతున్నాయి.

కింద ఇద్దరు మనుషులు. వాళ్లింకా కలవలేదు.

బయట వాన. సాగర్ రోడ్డు మీద లారీల కింద నీళ్లు చీలుతున్న చప్పుడు. అద్దం తలుపు మీద చినుకులు జారుతున్నాయి. జారి, ఎక్కడో ఒకచోట ఆగి, ఏదో ఆలోచించుకున్నట్టు ఉండి... మళ్లీ జారుతున్నాయి.

నవత చినుకులను చూసింది. గిన్నెను చూసింది. ఎదురుగా కూర్చున్న అతన్ని మాత్రం ఆవిరి చాటునుంచి చూసింది.

అతని పేరు సిద్ధార్థ. ఊరు కందుకూరు. ఇంట్లో పత్తి, కంది. పని నాదర్‌గుల్‌లో, విమానాలు నడపడం నేర్పే చోట. దిగిన విమానానికి ఇంధనం పోస్తాడు. అద్దాలు తుడుస్తాడు. చక్రాలకు అడ్డుకట్టెలు పెడతాడు.

ఇంతవరకు బుచ్చి పెద్దమ్మ చెప్పింది. బుచ్చి వరసకు పెద్దమ్మ. చుట్టుపక్కల పది ఊళ్లకు సంబంధాలు మోసుకుపోయే మనిషి. ఆమె చెప్పనివి నవత తానే చూసుకుంది. ఎంత కడిగినా గోళ్ల కింద మిగిలిన సన్నని నల్లగీత. మాట్లాడే ముందు ఒకసారి కిందికి చూసే అలవాటు. గిన్నెలు రాగానే అతను ముందు ఆమె గిన్నెనే తిప్పాడు, చెంచా కాడ ఆమె చేతివైపు ఉండేలా.

అంత చిన్న పని.

అంత చిన్న పనికి నవత గుండె ఎందుకు అట్లా తొణికిందో...

*

పూర్వమైతే చూపులు ఇంట్లోనే. ఇప్పుడు కాలం మారింది, ముందు పిల్లలు ఒకరినొకరు చూసుకోనీ అన్నారు పెద్దలు. అందుకే నవత ఊరి పక్కనున్న ఇబ్రహీంపట్నం. అందుకే కాలేజీ పిల్లలు తినే ఈ నూడుల్స్ హోటల్. ఎర్ర కాగితం లాంతర్లు, వెదురు కుర్చీలు, వెల్లుల్లి మాడిన వాసన.

అయితే పాత పద్ధతి ఒకటి మాత్రం మారలేదు. సంబంధం ఖాయం కాకముందు పిల్లగాడి తరఫు వాళ్లు పిల్ల ఇంట్లో ముద్ద ముట్టరు. చాయ్ తాగుతారు, లేస్తారు. తిన్నారంటే ఒప్పుకున్నట్టే.

మరి హోటల్లో?

నిన్న పొద్దున ఇంట్లో పెద్ద చర్చే జరిగింది. హోటల్ అన్నం ఎవరింటి అన్నం? బాపు తల గోక్కున్నాడు. అమ్మ నవ్వింది. చివరికి నాయినమ్మ అనంతమ్మ, పత్తి గింజలు ఏరుతూ ఏరుతూ, తలెత్తకుండానే తీర్పు చెప్పింది.

"పోరడు తెప్పిస్తే అది పోరని ఇంటి బువ్వే. మాట ఖాయం గాకముందు నోట్లె వెట్టకు బిడ్డ. పిల్ల ఆగలేకపోయిందంటరు."

తెప్పించింది అతనే.

వడ్డించే అమ్మాయి రూత్. ఎక్కడో ఈశాన్యం కొండల నుంచి వచ్చింది. రెండేళ్లలో ఇక్కడి మాట ఇక్కడివాళ్లలాగే పట్టేసింది. ఏమేం ఉన్నాయో వేళ్ల మీద చెప్పింది. ఎండుమిర్చి, వెల్లుల్లి వేసి పెద్ద మంట మీద ఎగరేసేవి. పల్లీల పొడి చల్లి నిమ్మకాయ పిండేవి. పెనం మీద ఒకవైపు కరకరలాడేలా కాల్చి, పైన కూర పోసేవి. చెప్పి చెప్పి, బయటికి చూసి, వాన పడుతోంది కదా తుక్పా తినండి అంది. పొడుగాటి నూడుల్స్, చారు, ఆకుకూర, అల్లం. వాళ్ల కొండల్లో చలికి అదేనట.

రెండు తుక్పాలు, అన్నాడు సిద్ధార్థ.

రెండూ వచ్చాయి. రెండూ పొగలు కక్కాయి. పొద్దుట్నుంచి భయంతో ఏమీ తినని నవత కడుపులో ఆ అల్లం వాసన తాడులా పేనుకుంది.

ఆమె చెంచా ముట్టలేదు.

అతను కూడా ముట్టలేదు.

తిను అని అతను అన్నాడు. మీరు తినండి అని ఆమె అంది. ఇప్పుడే తిన్న అని అతను. నేను గూడ తినే వచ్చిన అని ఆమె.

అబద్ధం నోట్లోంచి ఎంత మర్యాదగా వచ్చింది...

తలుపు దగ్గరి బల్లకు ఏ పద్ధతీ లేదు. అక్కడ బుచ్చి పెద్దమ్మ ఎండుమిర్చి నూడుల్స్‌ను సేమియా ఉప్మాలా చేత్తో తుంపి, కలిపి, ముద్ద చేసి తింటోంది. సంబంధం కుదరడం మాటేమోగాని ఆమెకు నూడుల్స్ మాత్రం కుదిరాయి.

వాళ్లిద్దరూ కాసేపు వాన గురించి మాట్లాడుకున్నారు. కాసేపు ఆమె పని గురించి. నవత ఇక్కడే ఒక దవాఖానలో చీటీలు రాస్తుంది, పేర్లు పిలుస్తుంది. ఎదురుచూసే మనుషులను రోజంతా చూస్తుంది.

అప్పుడు అతను అడిగాడు.

"మీ ఊరి మీదికెల్లి విమానాలు పోతయి గద... ఎప్పుడన్న చూసినవా?"

"చూస్త. ముందుగాల చప్పుడు ఇనబడతది. జర సేపటికి విమానం."

అతను తల ఎత్తాడు. మొదటిసారి నేరుగా చూశాడు.

"నాలుగింటికొకటి మర్లుతది మీ దిక్కుకెల్లి. అది దిగేదాక నేను కింద నిలవడి ఉంట."

అంతే. ఆ తర్వాత మాటలు అయిపోయాయి. మిగిలినవి గిన్నెలు.

తుక్పా చల్లారడం నవత మొత్తం చూసింది. ముందు ఆవిరి పలచబడింది. తర్వాత దారమైంది. తర్వాత లేదు. చారు మీద నూనె చిన్న చిన్న చుక్కలై ఆగింది. నూడుల్స్ చారునంతా తాగి, ఉబ్బి, ఒకదానికొకటి అతుక్కున్నాయి.

ఒకసారి అతని గొంతు కదిలింది. ఏదో మింగినట్టు.

చెప్పలేని మాటేదో మింగాడనుకుంది నవత. నచ్చలేదన్న మాట.

తను తెప్పించిన అన్నాన్ని తనే ముట్టని మనిషి మరేం చెప్తాడు?

రూత్ వచ్చింది. నిండు గిన్నెలు రెండూ తీసుకుంటూ, బాగలేదా అక్క అని చిన్నగా అడిగింది.

మంచిగున్నది, అంది నవత. రుచి చూడని నోటితో.

*

కబురు రాలేదు.

కబురు పిల్లగాడి ఇంటి నుంచే రావాలి. అది కూడా పద్ధతే. పిల్ల ఇంట్లోవాళ్లు అడగకూడదు. ఎదురుచూడాలి.

మూడు రోజులు. అయిదు రోజులు. ఎనిమిది...

దవాఖానలో పేర్లు పిలుస్తూ పిలుస్తూ నవత ఒక పేరు దగ్గర ఆగిపోయేది. ఆ పేరు చీటీల్లో ఉండేది కాదు.

ఇంట్లో ఉన్న రోజుల్లో నాలుగింటికి పెరట్లోకి వెళ్లేది. ఆరిన బట్టలు తీయడానికి అని. ఆరని బట్టలు కూడా తీసేది.

ముందు చప్పుడు.

జర సేపటికి విమానం.

వేలెడంత. మబ్బు కింద తెల్లగా, తేలిగ్గా, నాదర్‌గుల్ వైపు వంగుతూ. దాన్ని ఇప్పుడు ఇద్దరు చూస్తుంటారు. ఆమె ఇక్కడ. అతను అక్కడ. అది దిగేదాకా అతను నిలబడి ఉంటాడు. అది కనబడకుండా పోయేదాకా ఆమె నిలబడి ఉంటుంది.

తడి బట్టలు భుజం మీద. భుజం మీద చల్లదనం. అయినా కదలదు...

నచ్చలేదేమో అని ఒకరోజు. నచ్చే ఉంటుందని ఒకరోజు. చెంచా కాడ తిప్పిన చెయ్యి గుర్తొస్తే ఒకలా, మింగిన గొంతు గుర్తొస్తే ఒకలా. ఆమె రోజులు ఈ రెంటి మధ్య తూగాయి.

పన్నెండో రోజు, ఆదివారం, బుచ్చి పెద్దమ్మ వచ్చింది.

వచ్చి, గడప దగ్గరే కూలబడి, నీళ్లు తాగి, కందుకూరు సంగతి చెప్పింది. పిల్లకు ఇష్టం లేదని వాళ్లు ఊరుకున్నారట. పిల్ల ముద్ద ముట్టలేదని పిల్లగాడు వాళ్లమ్మతో అన్నాడట. పద్ధతి మగపిల్లగాడి తరఫుకే కదా, ఆడపిల్ల ఎందుకు తినదు, మనసు లేకనే తినలేదు అనుకున్నారట. వచ్చే ఆదివారం అబ్దుల్లాపూర్‌మెట్‌లో ఇంకో పిల్లను చూడబోతున్నారట.

నేనే తినొద్దన్న, అంది అనంతమ్మ. మరి వాళ్ల పోరడెందుకు తినలేదు?

బుచ్చి నుదురు కొట్టుకుంది. పిల్ల ఊరి పక్కన ఉన్న హోటల్ పిల్ల ఇంటి కిందే లెక్క అని వాళ్లమ్మ కూడా తీర్పు చెప్పి పంపిందట.

"ఆడ ఆయమ్మ, ఈడ నువ్వు. నడుమల ఆ తుక్పా ఉబ్బిపాయె."

బాపు నవ్వాడు. అమ్మ నవ్వింది. అనంతమ్మ నవ్వలేదు.

నవత గోడకు ఆనుకుని ఉండిపోయింది. అతని గొంతు కదలడం మళ్లీ చూసింది. మాట కాదు అది. ఆకలి.

తన ఆకలే. ఎదురుగా కూర్చున్న తన ఆకలే.

ఇప్పుడు చెప్పి పంపితే అయిపోతుంది కదా అంది అమ్మ. అనంతమ్మ ఒప్పుకోలేదు. వాళ్లు వేరే పిల్లను చూడబోతుంటే మనం అడ్డంపడి, మా పిల్లకు ఇష్టమే అని చెప్పుకోవాలా? రేపు ఆ ఇంట్లో మన పిల్లకు విలువ ఉంటుందా? వాళ్లకై వాళ్లు కబురు పంపితే సరే. లేకుంటే మనకూ వేరే సంబంధాలున్నాయి. పిల్లకు ఇష్టమన్న మాట చెప్పనని బుచ్చితో తన నెత్తి మీద చెయ్యి పెట్టించుకుంది.

ఎవరూ నవతను అడగలేదు. అడిగితే చెప్పే పిల్ల కాదని అందరికీ తెలుసు.

బుచ్చిని ఆటో దాకా సాగనంపడానికి నవత వెళ్లింది. ఆటో వచ్చింది. బుచ్చి ఒక కాలు పైన పెట్టింది.

"పెద్దమ్మా. ఆయనకొక మాట చెప్తవా?"

"నీ నాయినమ్మ ఒట్టు వెట్టిచ్చుకుంది బిడ్డ. నీకిష్టమని చెప్తే ఆ ముసల్దాని పాపం నాకు సుట్టుకుంటది."

"గట్ల చెప్పకు. గురువారం రెండు గంటలకు నవత ఆ హోటల్ల తింటది అని చెప్పు."

బుచ్చి పెట్టిన కాలు తీసేసింది.

"తింటదా?"

"తింటది."

"గంతేనా? గిదేం కబురే పిల్ల..."

అంటూనే ఆగింది. నవత మొహంలోకి చూసింది. ఆటోవాడు తొందరపెడితే కసిరింది. ఎక్కి కూర్చున్నాక, ఆటో కదిలాక, పైట అంచు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వడం వెనక నుంచి కూడా తెలిసింది.

ఆ తర్వాత సోమవారం. మంగళవారం. బుధవారం.

బుచ్చి నుంచి ఏ మాటా లేదు. చెప్పిందో లేదో. చెబితే అతనికి అర్థమైందో లేదో. అర్థమైనా రాగలడో లేడో...

*

గురువారం వాన లేదు. ఎండ తెల్లగా ఉంది. చెరువు మీది గాలి రోడ్డు దాకా వస్తోంది.

రెండింటికి దవాఖానలో డాక్టరు భోజనానికి లేస్తాడు. నవత చీటీల కట్ట సొరుగులో పెట్టింది. చున్నీ సర్దుకుంది. నడిచింది.

హోటల్లో ఇద్దరు కాలేజీ అమ్మాయిలు. ఒక మూల ఎవరో ముసలాయన. అతను లేడు.

కూర్చుంది.

రూత్ గుర్తుపట్టింది. ఈసారైనా తింటావా అని కళ్లతోనే అడిగింది. తుక్పా అంది నవత. ఒక్కటే, అంది. తన నోటితో తను తెప్పించుకోవడం ఇదే మొదటిసారి.

ఇది ఎవరింటి అన్నం? నాయినమ్మను అడిగితే ఏమంటుందో.

గిన్నె వచ్చింది.

రెండుంబావు.

ఆగాలనిపించింది. ఇంకొక్క ఐదు నిమిషాలు. ఆగడం ఆమెకు వచ్చు. అందరికంటే బాగా వచ్చు.

కాని పంపిన కబురు ఎదురుచూస్తానని కాదు.

తింటానని.

నవత చెంచా తీసుకుంది. నూడుల్స్ జారిపోయాయి. మళ్లీ ఎత్తింది. ఒకటి నోట్లోకి వచ్చింది, దాని వెనక ఇంకా ఉంది, ఇంకా... కొరకాలో పీల్చాలో తెలియలేదు. పీల్చింది. చారు గడ్డం మీద చిందింది. కాలేజీ అమ్మాయిలు చూశారు. చూడనీ.

నాలుక కాలింది. అల్లం గొంతులోంచి దిగుతూ ఛాతీ అంతా వెచ్చగా పరుచుకుంది. ముక్కులో నీళ్లు. కళ్లల్లో నీళ్లు, మిరపకాయవే కావచ్చు. ఇంత బాగుంటుందా? ఇంత బాగున్నదాన్నేనా ఆ రోజు ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని చల్లారనిచ్చింది?

రూత్ పక్కకు వచ్చి నిలబడింది. ఖాళీ కుర్చీని చూసింది. నవతను చూసింది.

"ఇంకోటి వెట్టాల్నా అక్క?"

నోటి నిండా నూడుల్స్. మాట రాదు.

నవత తల ఊపింది.

రెండో గిన్నె వచ్చింది. రూత్ దాన్ని ఖాళీ కుర్చీ ముందు పెట్టి వెళ్లిపోయింది. నవత చెయ్యి చాపి, చెంచా కాడను కుర్చీ వైపు తిప్పింది.

పైన ఎక్కడో చప్పుడు. విమానమో, రోడ్డు మీద ఆగుతున్న బండో.

తుక్పా చల్లారడానికి ఎంతసేపు పడుతుందో నవతకు తెలుసు. ముందు ఆవిరి పలచబడుతుంది. తర్వాత దారమవుతుంది...

తలుపు వైపు చూడలేదు. ఇంకో ముద్ద ఎత్తింది.

ఎదురుగా, ఇంకా చిక్కగా, ఆవిరి లేస్తోంది.