ఐడిలింగ్ స్క్రూతో కప్పిన తప్పు

నేను ఒక స్క్రూని. పాతకాలపు పెట్రోలు కారు కార్బురేటరుకు పక్కన బిగించిన, చిటికెన వేలి గోరంత తల ఉన్న ఇత్తడి స్క్రూని. డ్రైవరు రేసు మీంచి కాలు తీసినా ఇంజను ఆగిపోకుండా, లోపలి రేకు తలుపును వెంట్రుకవాసి తెరిచి పట్టుకోవడం నా ఉద్యోగం. దాన్నే ఐడిలింగ్ అంటారు. నా తలమీది గాడి బయటికే కనిపిస్తుంది కాబట్టి, స్క్రూడ్రైవరు చేతికందిన ప్రతివాడికీ నన్ను తిప్పాలనిపిస్తుంది.

ఫ్యాక్టరీలో నన్ను బిగించినాయన ఒక్కసారి చెవి ఒగ్గి విని, చాలని వదిలేశాడు. అంత మర్యాద మళ్లీ ఎరగను. మొదటి యజమాని డాక్టరుగారు మైలేజీ కోసం నన్ను వెనక్కి తిప్పేవారు. ఆయన బావమరిది పికప్ కోసం ముందుకు తిప్పేవాడు. ఇద్దరూ ఒకరికి తెలియకుండా ఒకరు. చివరికి సూర్యాపేటలో డ్రైవింగ్ స్కూలు నడిపే జానయ్య చేతికి చిక్కాను.

ఆ స్కూలుకే భూలక్ష్మి వచ్చింది. పదకొండేళ్లుగా మున్సిపాలిటీలో చెత్త తోపుడు బండి తోస్తున్న మనిషి. వార్డుకు కొత్తగా మోటారు ట్రాలీ వచ్చింది. నెలాఖరులోగా లైసెన్సు తెస్తే దానికి ఆమే డ్రైవరు, లేకపోతే మళ్లీ తోపుడు బండే.

మొదటి పరీక్షలో ఎత్తు మీద కారు ఆగిపోయింది. ఆ పుణ్యం జానయ్యదే. ఇంజనుకు నిప్పురవ్వ అందించే డిస్ట్రిబ్యూటరులో ప్లాటినం పాయింట్లు తనే మార్చి, దాని బోల్టు వదులుగా వదిలేశాడు. కుదుపులకు అది కాస్త జరిగింది. దాంతో ఇంజనులో నిప్పురవ్వ పడాల్సిన వేళకు పడక, ఆలస్యంగా పడుతోంది. ఇంజను నీరసించింది. జానయ్య బోల్టు వంకైనా చూడకుండా నన్ను అర చుట్టు బిగించాడు. ఇక చూడండి, నిలబెట్టిన చోటే కారు రంకెలు. క్లచ్ వదలడం ఆలస్యం, తనంతట తానే పరుగు. గ్రౌండులో పాతిన గుంజలు రెండు పడ్డాయి.

“బండికేం రోగం లేదు భూలక్ష్మీ. నీ కాలే బరువున్నది,” అన్నాడు జానయ్య.

ఆమె నమ్మేసింది. ఇంట్లో స్టూలు మీద కూర్చుని కాలు మెల్లగా లేపడం సాధన చేస్తున్నానని మరొకామెతో చెబుతుంటే విన్నాను. నాకు ఒళ్లు మండిపోయింది. కానీ స్క్రూ మాట ఎవరు వింటారు?

రెండో పరీక్షకు ముందురోజు మెకానిక్ సైదులు బ్రేకులు చూడ్డానికి వచ్చి, ఆ రంకెలు విన్నాడు.

“ఎవరు తిప్పిండ్రు దీన్ని?”

“ఆగిపోతున్నదని నేనే తిప్పిన,” అన్నాడు జానయ్య.

సైదులు నన్ను వెనక్కి తిప్పాడు. ఇంజను దగ్గి చావబోయింది. వెంటనే డిస్ట్రిబ్యూటరును పట్టుకుని పిసరంత జరిపాడు. ఇంజను దానంతటదే లేచి కూర్చుంది. నన్ను ఇంకాస్త తగ్గించి, బోల్టు బిగించి, ఎయిర్ ఫిల్టరు మూత మీద టీ గ్లాసు పెట్టాడు. టీ తొణకలేదు. ఎత్తు మీద రేసిచ్చినా ఇంజను టకటకమని కొట్టుకోవడం లేదని ఒక చక్కరు కొట్టి మరీ చూసుకున్నాడు.

“అక్కా, నీ కాలుకేం కాలే. టైమింగు తప్పితే ఆయన స్క్రూతోని కప్పిపెట్టిండు,” అన్నాడు.

భూలక్ష్మి బానెట్ దగ్గరికి వచ్చింది. ఇంజను పక్కనే నిలబడి చాలాసేపు విన్నది.

జానయ్యకొక ఆచారం ఉంది. పరీక్ష రోజు పొద్దున చక్రం కింద నిమ్మకాయ తొక్కించి, బానెట్ ఎత్తి, ధైర్యానికని నన్ను పావు చుట్టు బిగిస్తాడు. ఆ పొద్దున కూడా నిమ్మకాయ చితికింది, స్క్రూడ్రైవరు వచ్చింది. భూలక్ష్మి చెయ్యి అడ్డం పెట్టింది.

“ముట్టకు అన్నా.”

“ఎత్తు మీద ఆగితే?”

“ఆగితే తప్పు నిజంగనే నా కాలుది. అది నాకు తెల్వాలె.”

జానయ్య మొహం చిన్నబుచ్చుకుని బానెట్ దించాడు.

ఎత్తు సగంలో ఇన్‌స్పెక్టరు ఆపమన్నాడు. కారు ఆగింది, ఇంజను ఆగలేదు. పోనివ్వమన్నాడు. ఆమె క్లచ్ మెల్లగా వదులుతూ చేతి బ్రేకు దించింది. అంగుళం కూడా వెనక్కి జారలేదు. పైకెక్కాక ఇన్‌స్పెక్టరు పాసని రాసుకుంటే, ఆమె ఏడ్చింది. నాకు కళ్లుంటే నేనూ ఏడ్చేవాణ్ని.

ఇప్పుడు పాత ఇనప సామాన్ల కొట్లో పడి ఉన్నాను. ఇక్కడ ప్రతిదానికీ ఒక గొప్ప ఉంది. హారన్ ఎన్ని ఊరేగింపులకు దారి చేసిందో చెబుతుంది. డైనమో ఎన్ని తుఫానుల్లో వెలుగిచ్చిందో చెబుతుంది. నా వంతు వస్తే ఒక్కటే చెబుతాను. ఒక పొద్దున ఒకామె చెయ్యి అడ్డం పెట్టింది, నన్నెవరూ తిప్పలేదు.