ఎడమ చెంప

కర్నూలు మునిగిన మూడో ఏడు జరిగింది ఇది. నేను ఒక భూతద్దాన్ని. అరచేతి వెడల్పు గాజుబిళ్ల, చుట్టూ ఇత్తడి కట్టు. ఉత్తరాదిలో ఏదో కార్ఖానాలో నన్ను అరగదీసి నునుపు చేశారట. పుట్టుక ఎవరికి గుర్తుంటుంది గనుక నాకుండడానికి?

మొదట నన్ను కొన్నది కొండారెడ్డి బురుజు కింద చేయి చూసి జాతకం చెప్పే ఒకాయన. నాలోంచి ఆయనకు ప్రతి అరచేతిలోనూ మేడ కనబడేది, కారు కనబడేది. చెప్పించుకున్నవాళ్లు నడుచుకుంటూనే ఇంటికి పోయేవాళ్లు. ఆయన పోయాక గడియారాలు బాగుచేసే ఖాజా చేతికి వచ్చాను. ఖాజా పెద్ద మాటకారి కాదు. నాకు అది నచ్చింది. అంతలో తుంగభద్ర ఊళ్లోకి వచ్చింది. ఖాజా బయటపడ్డాడు. కొట్టు బయటపడలేదు.

నీళ్లు తీశాక ఏటి గట్టున ఒక మనిషి బురద తవ్వుతున్నాడు. పేరు మద్దిలేటి. క్షౌరం ఆయన పని. అక్కడే ఆయన బంకు ఉండేది. కుర్చీ కోసం, అద్దం కోసం తవ్వుతుంటే నేను దొరికాను. నన్ను లుంగీకి తుడిచి, ఎవరిదాన్నో కనుక్కుని, ఖాజా ఇంటికి తీసుకుపోయాడు. "నువ్వే పెట్టుకో అన్నా. నాకింక ఆ పనికి చూపు లేదు" అన్నాడు ఖాజా. విరిగిన నా పిడి తీసేసి మద్దిలేటి వేపకొమ్మ చెక్కి బిగించాడు.

బంకు పోయినాక మద్దిలేటి పెట్టె పట్టుకుని ఇంటింటికీ తిరిగి గడ్డాలు గీశాడు. కొత్తగా లేచిన చలువ సెలూన్లలో పని అడిగాడు. కత్తి పట్టేవాళ్లకు కరువు లేదు, ముఖానికి చేసేవాళ్లు కావాలి, అదీ సర్టిఫికెట్ ఉంటేనే అన్నారు. అందుకని చర్మ సంరక్షణ నేర్పే బడిలో చేరాడు. పరీక్ష ఏడాదికి ఒకసారి. నలభై అయిదు దాటితే కూర్చోనివ్వరు. మద్దిలేటికి ఆ ఏడుతో నలభై అయిదు నిండుతాయి. తప్పితే మళ్లీ లేదు.

తరగతి నిండా ఆడపిల్లలు. మధ్యన మీసాలతో ఈయన.

"మామా, మీసాలుండే బ్యుటీషియన్ను ఇప్పుడే చూస్తాండా" అంది పరిమళ అనే పిల్ల మొదటిరోజే.

"నీకూ వస్తాయిలేమ్మా, గమ్మునుండు. గీసేదానికి నేనుండా కదా."

ఆ రోజుతో వాళ్లందరికీ ఈయన మామ అయిపోయాడు. బడిలో దీపం బిగించిన పెద్ద భూతద్దం కాస్తా చెడిపోతే నేను అందరి చేతుల్లోనూ తిరిగాను. నాలోంచి చూస్తే అందగత్తె లేదు, అనాకారి లేదు. అందరివీ గుంటలే, అందరివీ జిడ్డే. చూసినవాళ్లు మాత్రం ఎదుటివాళ్ల ముఖం చూసి నవ్వి, తమది చూసుకుని ఏడ్చేవాళ్లు.

మద్దిలేటికి చదువు బరువు. చర్మం పొరల పేర్లు పెదవులు కదుపుతూ వల్లె వేసేవాడు. ఇన్నేళ్లు ముఖాన్ని ఎటు కావాలంటే అటు లాగిన చెయ్యి, ఇప్పుడు కంటి కింద ఉంగరపు వేలితోనే ముట్టాలట. దానికి బలం తక్కువ గనుక. ఇంట్లో కుండ బోర్లించి దాని మీద వేళ్లు తిప్పుతుంటే పెండ్లాం చూసింది. "కుండకు గూడా ఫేషియలా? దానికేమన్నా పెండ్లి చూపులుండాయా?"

నేర్పేది షంషాద్ మేడం. మెత్తటి మనిషి. ఒక్క విషయంలో మాత్రం గట్టిగా చెప్పేది. "పాలిపోయిన మచ్చ ఉంటే దూదితో ముట్టి చూడండి. తెలియడం లేదంటే ఇంక చెయ్యి పెట్టొద్దు. ఆవిరి పెడితే కాలినా వాళ్లకు తెలీదు. కుష్టు మొదట్లో అట్లా ఉండొచ్చు. అవునో కాదో డాక్టరు చెప్పాల, మనం కాదు. మందుంది, నయమైపోతుంది. పంపించండి."

పరీక్షకు ఎవరి ముఖం వాళ్లే తెచ్చుకోవాలి. పిల్లలు అక్కలను, వదినలను తెచ్చుకున్నారు. మద్దిలేటి అక్క మొగుడు ఈరన్న బస్టాండు దగ్గర ఉగ్గాని బజ్జీ అమ్ముతాడు. నేనొస్తాలే అన్నాడు. తెల్లారే తలంటుకుని వచ్చి, కుర్చీలో వాలి, కండ్లు మూసుకున్నాడు. "పుట్టినాంక నా మొగానికి ఇంత మర్యాద ఎవురూ చేయలే" అన్నాడు. పిల్లలు నవ్వారు.

పరీక్ష పెట్టడానికి హైదరాబాదు నుంచి ఒకామె వచ్చింది. మొదటి కుర్చీ దగ్గర ఉంది. మద్దిలేటి బావ ముఖం కడిగి, తుడిచి, నన్ను ఎడమ చెంప మీదికి తెచ్చాడు.

నాలో ఒక మచ్చ నిలిచింది. రూపాయి బిళ్లంత. చుట్టుపక్కల కన్నా ఒక వన్నె తక్కువ. అంచు తెలుస్తోంది. లోపల గడ్డం పలచగా ఉంది. బావకు గడ్డం గీసినప్పుడల్లా వయసుకు పలచబడిందనుకున్నాడు ఇన్నాళ్లూ.

దూది పోగు తీసి దాని మీద ఆడించాడు. బావ కదలలేదు.

"బావా, ఏ పక్క ముట్టినా?"

"ముట్టినావా? ఎప్పుడు?" అని ఈరన్న కండ్లు తెరవకుండానే గొంతు పెంచాడు. "సూడండమ్మా, మా బామ్మర్ది చెయ్యి! రెండేండ్లనుంచి ఈ ఎడమ దిక్కు కత్తి పెట్టినట్టే తెలీదు నాకు. పువ్వు పెట్టినట్టుంటాది!"

రెండేళ్లుగా ఈ మాటే బస్టాండంతా చెప్పుకుంటున్నాడు. రెండేళ్లుగా మద్దిలేటి అది విని, వయసుతో చెయ్యి పండిందని లోలోపల మురిసిపోతున్నాడు.

పరీక్షకామె రెండో కుర్చీకి వచ్చింది. తర్వాతది ఈయనదే. లేపనం పూసేస్తే మచ్చ కనబడదు, సర్టిఫికెట్ వస్తుంది. కానీ లేపనానికి ముందు ఆవిరి పట్టాలి. పోనీ, ఈ ముఖం చెయ్యనని వదిలేస్తే, ఎందుకో ఇంతమంది ముందూ చెప్పాలి. చెప్తే రేపు ఈరన్న చేతి ఉగ్గాని ఎవరు తింటారు?

ఆమె వచ్చి నిలబడింది. "మొదలుపెట్టండి."

మద్దిలేటి తువ్వాలు తీసి బావ ముఖం మీద కప్పాడు.

"నా చెయ్యి వణుకుతాంది మేడం. నా చేత గాదు."

ఆ చేతిలోనే ఉన్నాను నేను. అది వణకలేదు.

"వచ్చే ఏడు రాస్తారా మరి?"

"వయసు అయిపాయ మేడం."

పరిమళ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఈరన్న తువ్వాలు లాగి పారేసి లేచాడు. "ఏంది బామ్మర్దీ! యాపారం మానుకుని వస్తే ఇదా? ఇంతమంది ఆడపిల్లలు చేస్తాండారు, నీకేం పుట్టె? పిరికోడా!" మద్దిలేటి బావను కోపంతో అలాగే బయటికి పోనిచ్చాడు. నన్ను జేబులో వేసుకున్నాడు.

మరునాడు పొద్దున్నే ఆయన పెట్టె పట్టుకుని బావ ఇంటికి పోయాడు. ఈరన్న ఇంకా ముభావంగానే ఉన్నాడు. అయినా గడ్డం మాసింది, కూర్చున్నాడు. మద్దిలేటి రెండు చెంపలకూ నురగ పూసి, కుడి పక్క గీసి, కత్తి మూశాడు.

"రెండో పక్క?"

"ఒక మాట చెప్పల్ల. లేసి పోగూడదు."

"ఈ మొగంతో యాడికి పోతా?"

"అందుకే."

ఎడమ చెంప మీది నురగ వేలితో తుడిచి, కండ్లు మూసుకోమన్నాడు. దూదితో కుడి పక్క ముట్టాడు. "తగిలె" అన్నాడు ఈరన్న. ఎడమ పక్క ముట్టాడు. ఈరన్న అలాగే కూర్చున్నాడు. చాలాసేపయ్యాక కండ్లు తెరిచాడు.

"ముట్టు మరి."

"ముట్టినా."

అప్పుడు మేడం చెప్పింది చెప్పాడు. అవునో కాదో తెలీదన్నాడు. అయినా మందుందన్నాడు. ఈరన్న చిన్న అద్దం అడిగాడు, నన్నూ అడిగాడు. రెంటినీ పట్టుకుని చూసుకున్నాడు.

"నిన్ననే చూసినావా?"

"ఊ."

"ఎవురితోనన్నా అన్నావా?"

"ఎవురితోనూ అనలే."

ఈరన్న నన్ను తిరిగి ఇచ్చాడు. ఎడమ చెంప ఆయన వైపు తిప్పాడు. మద్దిలేటి మళ్లీ నురగ పూసి, ఆ పక్క నిదానంగా గీశాడు. ముఖం తుడిచాడు. కత్తి కడిగి పెట్టెలో పెట్టాడు. ఈరన్న చెల్లాచెదురుగా ఉన్న బజ్జీ సామాను మీద గోనెపట్టా కప్పి, తుండుగుడ్డ తల మీదుగా వేసుకుని బయలుదేరాడు. వీధిలో ఇద్దరు పలకరించారు. పెద్దాసుపత్రి దాకా మద్దిలేటి బావకు ఎడమ పక్కనే నడిచాడు.