రిహార్సల్లో అడగని ప్రశ్న

ఉన్నది ఒకే ఒక్క పోస్ట్‌డాక్ ఉద్యోగం, పీహెచ్‌డీ అయ్యాక చేసేది. వరిమడుల్లోంచి లేచే మీథేన్ మీద పరిశోధన. దానికి తనను మించిన మొనగత్తె ఎవరున్నారని పెద్దక్క ధీమా. వయసును బట్టి వచ్చిన పేరు కాదది; మట్టి మీద పరిశోధన చేసే ఆ ల్యాబులో అందరికంటే ముందు చేరింది కాబట్టి అలా పిలుస్తారు. ఎవరి గ్రాఫులో పొరపాటున్నా ఇట్టే పట్టేస్తుంది. ప్రొఫెసర్‌గారు కూడా "ముందు పెద్దక్కకి చూపించారా?" అంటారు.

అలాంటిది, నిన్నగాక మొన్న థీసిస్ ముగించిన బుల్లెమ్మకూ ఇంటర్వ్యూకి పిలుపొచ్చింది! పెద్దక్క కడుపు భగ్గుమంది. ఆ పిల్ల ఓ నవ్వు నవ్వితే చాలు, ప్రొఫెసర్‌గారు కరిగిపోతారు, క్యాంటీను అతను అడక్కుండానే టీ పోస్తాడు. తనేమో ఇన్నేళ్లు బురదలో వంగి నడుం విరగ్గొట్టుకుంది, ఎవరికి పట్టింది? అసలు సిరంజితో గ్యాసు లాగడం ఆ పిల్లకి నేర్పిందే తను!

ఆ ల్యాబులో ఒక ఆనవాయితీ ఉంది. ఇంటర్వ్యూకి ముందు రోజు అందరి ముందూ రిహార్సల్ చెయ్యాలి, మిగతావాళ్లు మొహమాటం లేకుండా ఉతికి ఆరెయ్యాలి. పోటీలో ఉన్నవాళ్లకీ మినహాయింపు లేదు. పెద్దక్క ప్రసంగంలో వంక పెట్టడానికి ఎవరికీ ఏమీ దొరకలేదు. తరవాత బుల్లెమ్మ లేచింది.

మధ్యలో ఒక గ్రాఫు వచ్చింది. కొత్త ఎరువు వేసిన మడిలో మీథేన్ అమాంతం పెరిగిపోయింది. పక్కనే ఫోటో: గ్యాసు పట్టే పెట్టె దగ్గర బుల్లెమ్మ పిక్కల్లోతు బురదలో దిగి, పళ్లికిలిస్తూ నిలబడింది.

పెద్దక్కకి చటుక్కున వెలిగింది. చెక్కబల్ల మీద నిలబడి ఆ పెట్టె దించాలి. బురదలో కాలు పెడితే లోపలి మీథేన్ బుడగలన్నీ తన్నుకొచ్చి పెట్టెలో చేరతాయి. ఎరువు లేదు, పాడూ లేదు, అంతా ఈ మహాతల్లి పాదాల మహిమ!

"పెద్దక్కా, ఏమైనా చెప్తావా?" అన్నారు ప్రొఫెసర్‌గారు. బుల్లెమ్మ రాసుకోవడానికి పెన్ను పట్టుకుని ఆశగా చూస్తోంది. ఆ మొహం చూసేసరికి పెద్దక్కకి ఒళ్లు మండింది.

"బాగుంది. ఏం లేదు," అంది.

మర్నాడు ముందు బుల్లెమ్మనే పిలిచారు. మొహం వేలాడేసుకుని బయటికొచ్చింది. పెద్దక్క లోలోపల పొంగిపోతూ లోపలికెళ్లింది. అడిగినవాటికల్లా టకటకా జవాబులు చెప్పింది. చివర్లో కమిటీ పెద్ద, తెల్లజుట్టు ఆవిడ, నెమ్మదిగా అడిగింది.

"ఆ బురద ఫోటో ఉన్న గ్రాఫు నిన్న మీరూ చూశారట కదా?"

"చూశానండి."

"అక్క బాగుందన్నాక ఇంక అనుమానం రాలేదంది ఆ అమ్మాయి. మీకు తప్పు కనిపించలేదా?"

 కనిపించలేదంటే ఈ ఉద్యోగానికి పనికిరాదు. కనిపించిందంటే ఏ ల్యాబులోనూ పక్కన కూర్చోబెట్టుకోవడానికి పనికిరాదు. ఇటు చూస్తే నుయ్యి, అటు చూస్తే గొయ్యి.

"కనిపించలేదండి," అంది.

ఆవిడ కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టింది. "సరేనమ్మా, వెళ్లిరండి."

బయట బుల్లెమ్మ పరిగెత్తుకొచ్చింది. "అక్కా, నిన్నూ అడిగారా? నావల్లే! మా అక్కకి కనపడలేదంటే ఇంకెవరికీ కనపడదని గొప్పగా చెప్పేశాను. తిట్టుకోకే. అయినా నిజం చెప్పనా? నీక్కూడా తెలీలేదంటే నాకు కాస్త ధైర్యంగా ఉంది. లేకపోతే నా అంత బుద్ధిలేనిది ఉండదని ఏడుస్తూ కూర్చునేదాన్ని."

బస్టాపుదాకా బుల్లెమ్మ పెద్దక్క చెయ్యి వదల్లేదు. దారి పొడుగునా నిజం చెప్పేద్దామని పెద్దక్క నోరు తెరవడం, తీరా బస్సెన్నింటికని అడగడం. అప్పుడు కూడా ఆమెకి బుల్లెమ్మ మీద అసూయే. ఉద్యోగం పోతే పోయింది, ఆ పిల్ల తన కళ్లలోకి సూటిగా చూసి మాట్లాడగలుగుతోంది.