ఊలు సంచుల్లో వెండి

దర్జీకి చెల్లెలంటే ప్రాణం. ఈత పోటీల్లో ఆమె గెలిచిన పతకాలు తొమ్మిది. తొమ్మిదీ వెండివే, ఎందుకంటే ఎప్పుడు దూకినా ఆమెది రెండో స్థానమే. ఇంట్లో అందరూ ‘రెండో నంబరు’ అని ఆటపట్టిస్తుంటే, దర్జీ మాత్రం మేలురకం ఊలు గుడ్డతో తొమ్మిది సంచులు కుట్టాడు. ప్రతి పతకానికీ దాని రిబ్బను మడిచి, రబ్బరు బ్యాండు వేసి, సంచిలో పెట్టి బీరువాలో దాచాడు. పదమూడేళ్ళు ఎవరినీ వేలు పెట్టనివ్వలేదు.

ఒకరోజు చెల్లెలు ఫోన్ చేసింది. “అన్నయ్యా, ఆదివారం వస్తున్నా. నా దగ్గర ఈత నేర్చుకునే పిల్లలకి ఆ పతకాలు చూపించాలి.”

దర్జీ సంబరంగా మొదటి సంచి విప్పాడు. పతకం మాడిన మూకుడులా ఉంది. రెండోదీ అంతే. తొమ్మిదీ అంతే. టూత్‌పేస్టు తెచ్చి రుద్దబోతే భార్య చెయ్యి పట్టుకుంది.

“ఆగండి! పైన ఉన్నది పూతే. రుద్దారంటే అదీ పోతుంది. మీ దగ్గర కోట్లు కుట్టించుకునే మ్యూజియం మేడం ఉన్నారు కదా, ఆవిణ్ణి అడగండి.”

ఆ మేడం పని మ్యూజియంలో పాత వస్తువులు దాచే గదిని చూసుకోవడం. పతకాలను కిటికీ దగ్గర తిప్పితిప్పి చూసింది.

“వీటిని దేంట్లో పెట్టారు?”

“అసలైన ఊలండి. నా చేత్తో కుట్టాను.”

ఆమె పతకాలు బల్ల మీద పెట్టింది. “ఊలులో గంధకం ఉంటుందండీ. రబ్బర్లోనూ ఉంటుంది. వెండికి అది పడదు, నల్లబడిపోతుంది.”

దర్జీ పతకాల వైపు చూశాడు. “అయితే నేనే పాడుచేశానా?”

“నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో సీసం బొమ్మల కోసం ముచ్చటపడి కొత్త చెక్క బీరువా చేయించాను. ఆ చెక్కలోంచి వచ్చే ఆవిరికి బొమ్మలన్నీ తెల్లగా పొడిపొడి అయిపోయాయి. ఇప్పటికీ తలుచుకుంటే తలెత్తుకోలేను” అందామె. తరవాత సుద్దపొడి నీళ్ళలో కలిపి, దూదితో ఒక్కో పతకాన్నీ మెల్లగా తుడిచింది. నలుపు చాలావరకు వదిలింది. రబ్బరు బ్యాండ్ల గీతలు మాత్రం అడ్డంగా అలాగే ఉండిపోయాయి.

ఆదివారం చెల్లెలు రాగానే, మంచినీళ్ళు కూడా ఇవ్వకుండా దర్జీ జరిగిందంతా చెప్పేశాడు. “నాదే తప్పమ్మా” అన్నాడు.

చెల్లెలు ఒక పతకం మీది గీతను బొటనవేలితో తడిమింది.

“పిచ్చి అన్నయ్యా! నీ దగ్గరున్నాయి కాబట్టి నల్లబడైనా మిగిలాయి. నా దగ్గరుంటే అసలు ఉండేవా? మూడిళ్ళు మారేసరికి పెళ్ళి ఆల్బమే పోగొట్టుకున్నదాన్ని! పిల్లలకి చూపించి మళ్ళీ తెచ్చి నీకే ఇస్తా. నువ్వే దాచాలి.”

వారం రోజుల పాటు గుచ్చుకుంటున్న ముల్లేదో తీసేసినట్టయింది దర్జీకి. వెంటనే లేచి మిషను ముందు కూర్చున్నాడు. వెండి నల్లబడకుండా ప్రత్యేకంగా తయారుచేసిన గుడ్డ మేడం రెండు మూరలు ఇచ్చి పంపింది. గుడ్డ పరిచి, కత్తెర చేతిలోకి తీసుకుని, ఎందుకో ఆగిపోయాడు. మేడంకి ఫోన్ చేశాడు.

“అమ్మా, సంచులకి దారం ఏది వాడమంటారు?”